మేకు ముందే ఉంది

గ్రేస్‌కి మా అమ్మ కాగితం కప్పులో టీ ఇచ్చింది. ఈ అధ్యాయం అక్కడే మొదలుపెట్టాలి, ఎందుకంటే నా ఒళ్లు మండింది అక్కడే. నాన్న పోయి అప్పటికి మూడు వారాలు. చివరి ఎనిమిది నెలలూ ఆయన న్యూజిలాండ్‌లో, మేముండే లోవర్ హట్‌లోనే, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక రెస్ట్ హోమ్‌లో ఉన్నారు. అక్కడ ఆయనకి ఒళ్లు తుడిచిందీ, గడ్డం గీసిందీ, మింగడం మర్చిపోయిన మనిషికి స్పూనుతో నీళ్లు పట్టిందీ, ఆఖరికి కనురెప్పలు మూసిందీ గ్రేస్ అనే నర్సు. ఆవిడ తన సెలవురోజున, శనివారం మధ్యాహ్నం, హార్బరు మీంచి సదర్లీ, ఆ దక్షిణపు చలిగాలి, ఈడ్చి కొడుతుంటే, నాన్న కళ్లజోడూ ఉన్ని స్వెట్టరూ సంచిలో పెట్టుకుని మమ్మల్ని పలకరించడానికి వచ్చింది. అమ్మ ఆవిడని కూర్చోబెట్టింది, చేతులు పట్టుకుంది, కళ్లనీళ్లు పెట్టుకుంది. తరవాత లోపలికి వెళ్లి అల్లం దంచి టీ పెట్టింది. ట్రేలో మా ఇద్దరికీ స్టీలు గ్లాసులు, గ్రేస్‌కి కాగితం కప్పు.

ఆ కప్పులు మా ఇంట్లో లాండ్రీ అల్మారాలో, బట్టల సబ్బుపొడి డబ్బా పక్కన ఉంటాయి. వంటింట్లో ఉండవు. ఆక్లాండ్ వెళ్లినప్పుడల్లా శాండ్రింగ్‌హామ్‌లో ఇండియన్ కొట్ల దగ్గర కందిపప్పూ చింతపండూ కొంటూ అమ్మ ఒక కట్ట ఇవి కూడా వేయిస్తుంది. ప్లంబర్ వస్తే, అతను తెల్లవాడు, పింగాణీ కప్పూ సాసరూ, పక్కన రెండు బిస్కెట్లూ. ఎలక్ట్రీషియన్ ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాడు. తాతల నాటి తెలుగులో "బాగుండావా అమ్మా" అని నోరారా పలకరించేవాడు. అతనికి కాగితం కప్పు. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కిన వాళ్ల మనవడు, ఏ కులమో ఏమిటో ఎవరికి తెలుసునని. ఈ మాట అమ్మ ఎన్నడూ పైకి అనలేదు. అడిగితే, "కడుక్కునే పని తప్పుతుందని కదే" అంటుంది. మరి ప్లంబర్ కప్పు ఎవరు కడుగుతున్నారు? అమ్మా నాన్నా నా దగ్గరికి వచ్చి ఉంటున్న ఈ ఆరేళ్లలో ఆ ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు. ఉద్యోగం నుంచి రైలు దిగి అలసిపోయి వచ్చి, ఇంట్లో గొడవ ఎందుకులే అనుకుంటూ ఆరేళ్లు నోరు మూసుకున్నాను. అమ్మ మీద నాకున్న కోపంలో సగం నిజానికి నా మీద నాకున్నదే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం.

ఆ వారమే నాన్న ట్రంకు పెట్టె తెరిచాను. లెక్కల పుస్తకాలు, పాత పాస్‌పోర్టులు, నాఫ్తలీన్ వాసన. అడుగున చిరిగిన పంచెలో చుట్టి ఒక ఎనామిల్ మగ్గు. తెల్లది, నీలం అంచు. పిడి దగ్గర పెచ్చు ఊడి లోపలి ఇనుము నల్లగా కనిపిస్తోంది. చూసిన క్షణంలోనే గుర్తుపట్టాను. నలభై ఏళ్ల కింద మా వెనక వరండాలో ఒక మేకుకి వేలాడిన మగ్గు అది. దాంతో నీళ్లు తాగిన మనిషి పేరు ఎఫువా.

నా ఆరో ఏటి నుంచి పదో ఏటి దాకా మేం పశ్చిమ ఆఫ్రికాలో, ఘనాలో, కేప్ కోస్ట్ అనే రేవు పట్నంలో ఉన్నాం. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలు. ఇంగ్లీషువాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోతుంటే ఖాళీ అయిన కుర్చీల్లో కొన్నింటికి మన దేశం నుంచి మేష్టర్లని పిలిపించుకున్నారు. నాన్న కాకినాడ నుంచి లెక్కలు చెప్పడానికి వెళ్లారు. మాకిచ్చిన బంగళాలో అంతకుముందు ఎవరో దొర ఉండేవాడు. ఎత్తైన అరుగు, చుట్టూ వరండా, పడగ్గదిలో పనివాళ్లని పిలవడానికి గోడకి బిగించిన గంట, పెరటి చివర పనిమనిషికి ఒక రేకుల గది. వెనక వరండాలో, వంటింటి గుమ్మం పక్కన, మనిషి తలెత్తు మీద ఒక పెద్ద మేకు. సముద్రపు గాలికి తుప్పు పట్టి, దాని కింద గోడ మీద ఎర్రటి చార. దొరసాని తన పనిమనిషి కప్పు దానికి తగిలించేదట. మేం దిగిన రోజునే అమ్మ ఆ మేకు చూసింది, అదెందుకో అడిగి తెలుసుకుంది, మర్నాడు బజారునించి నీలం అంచు మగ్గు తెప్పించి దానికి తగిలించింది. అడ్రసు మారిన ఉత్తరం సరైన ఇంటికి చేరినట్టు ఆ మేకు మా చేతికొచ్చింది.

ఎఫువాకి అప్పుడు ముప్ఫై ఏళ్లుంటాయి. శుక్రవారం పుట్టిన ఆడపిల్లకి వాళ్లలో పెట్టే పేరు అది. పొద్దున్నే వచ్చేసరికి ఆమె బట్టల్లోంచి చేపలు పొగబెట్టిన వాసన వచ్చేది. మంగళవారం మాత్రం వచ్చేది కాదు ఆ వాసన. ఆ రోజు సముద్రానికి విశ్రాంతి, జాలర్లు పడవలు దించరు. అమ్మ మడి ఆ ఊళ్లో ఒక యుద్ధం. ఉప్పుగాలికి మడిచీర సాయంత్రానికి కూడా ఆరేది కాదు. ఎఫువా తడి చేత్తో ఆ దండెం తాకితే మళ్లీ తడపడం, మళ్లీ ఆరేయడం. ఇంగువా చింతపండూ కాకినాడ నుంచి ఓడలో రావాలి, వచ్చిన రోజు ఇల్లంతా పండగే. గిన్నెలన్నీ ఎఫువాయే తోమేది. బూడిదతో, కొబ్బరి పీచుతో, అద్దాల్లా మెరిసేలా తోమేది. నాన్న వెండి గ్లాసు కూడా. తోమి, కడిగి, గట్టు మీద బోర్లిస్తే, అమ్మ దాని మీద మళ్లీ నీళ్లు చల్లి లోపల పెట్టుకునేది. ఎఫువాకి దాహమేస్తే మేకు మీది మగ్గు తీసుకుని దోసిలి పట్టినట్టు ముందుకి చాపితే, అమ్మ ఎత్తు మీంచి నీళ్లు పోసేది. మా ఇంట్లో ఇది మామూలు విషయం. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తిట్టలేదు. అందుకే తలుచుకుంటే ఇంకా మండుతుంది.

నాన్న సంగతి చెప్పకుండా అమ్మనొక్కదాన్నే తిట్టడం అన్యాయం. ఆ ఊళ్లో సముద్రపు ఒడ్డున తెల్లటి కోట ఉంది. బానిసల్ని పట్టుకొచ్చి దాచిన కోట. ఆదివారం మా ఇంటికి ఎవరు చుట్టం చూపుగా వచ్చినా నాన్న అక్కడికి తీసుకెళ్లేవారు. కావలివాడికి నచ్చజెప్పి అందర్నీ కింద చీకటి కొట్టులోకి దింపేవారు. గాలి లేని ఆ గదిలో నిలబడి, "వందల మందిని ఇక్కడ కుక్కారు. సరిగ్గా దీని నెత్తి మీద చర్చి కట్టుకున్నారు. పైన ప్రార్థన చేసుకుంటుంటే కింద మనుషుల మూలుగు వినిపించలేదా వీళ్లకి?" అని అడిగేవారు. నాన్న ఏడవడం నేను చూసింది ఆ కొట్టులోనే. అక్కణ్నించి నడిచి ఇంటికొచ్చేవాళ్లం. అమ్మ దేవుడి గదిలో దీపం పెట్టి ఉండేది. ఆ గదికీ వెనక వరండాకీ మధ్య ఒకే ఒక్క గోడ. నాన్న ముందు గదిలో కూర్చుని చుట్టాలకి తెల్లవాళ్ల దుర్మార్గం ఇంకా చెబుతుండగానే, ఎఫువా మేకు మీంచి మగ్గు తీసిన చప్పుడు ఇనుముకి ఇనుము తగిలి టింగుమని వినిపించేది. పైన చర్చి వాళ్లకి వినపడలేదని మండిపడ్డ మనిషికి, పన్నెండు అడుగుల దూరంలోని ఆ చప్పుడు ఎన్నడూ వినపడలేదు. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి అడిగే వీలు లేదు. ఉన్నప్పుడు అడిగానా అంటే, అదీ లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎఫువాకి మలేరియా వచ్చింది. ఒక మధ్యాహ్నం రేకుల గదిలో చాప మీద ముడుచుకుని పడుకుంది. అమ్మ నిద్రపోతోంది. నేను ఆ గదికి దొంగచాటుగా వెళ్లడం కొత్త కాదు. ఎఫువా నాకు కెంకే పెట్టేది. పులియబెట్టిన మొక్కజొన్నపిండి ముద్ద, ఎండు అరటాకులో చుట్టి ఉడికించినది. చేప తీసి పక్కన పెట్టి, మిరపకాయ పచ్చడి మాత్రం అంచున వేసి, "నీ దేవుడు చూడట్లేదు, తిను" అనేది ఇంగ్లీషులో. ఆ పులుపు ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఆ రోజు ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నీళ్లు కావాలంది. నేను వరండాకి పరిగెత్తాను. మేకు నాకు అందలేదు. పెద్దవాళ్ల ఎత్తుకి కొట్టిన మేకు అది. ఎగిరాను, అందలేదు. ముక్కాలిపీట తెచ్చుకోవాలని తోచలేదు. గట్టు మీద అందుబాటులో ఉన్నది నాన్న వెండి గ్లాసు. కూజాలోంచి దాని నిండా నీళ్లు పట్టుకుని వెళ్లాను. ఎఫువా అదేమిటో చూసే స్థితిలో లేదు. గటగటా తాగింది. రెండోసారి తెచ్చాను, అదీ తాగింది. తరవాత పొడవాటి గడ్డిలో తొండ కనిపిస్తే దాని వెంట పడి నేను గ్లాసు సంగతి మర్చిపోయాను.

సాయంత్రం గ్లాసు కనిపించలేదు. అమ్మ వెతుక్కుంటూ వెళ్లి రేకుల గదిలో, ఎఫువా తల పక్కన చూసింది. నన్ను వరండాలో నిలబెట్టి, "ఇది అక్కడికి ఎలా వెళ్లిందే?" అని అడిగింది. నా వేళ్లకి ముందురోజు కెంకే పచ్చడి ఎరుపు ఇంకా ఉందని నా భయం. ఆ గదికి వెళ్లానని తెలిస్తే వీపు చిట్లుతుందని భయం. "ఎఫువా తీసుకెళ్లింది. నేను చూశాను" అన్నాను. అది అబద్ధం. ఎనిమిదేళ్ల పిల్ల చెప్పిన అబద్ధమే, కాదనను. కానీ నాకు బాగా తెలుసు, ఎవరి మీదికి నెడితే ఇంట్లో ఎదురు ప్రశ్న ఉండదో. ఆ తెలివి నాకు ఎవరూ నేర్పలేదు. గోడ మీది మేకుని రోజూ చూస్తూ పెరిగాను, అంతే.

ఎఫువా జ్వరంతోనే లేచి వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది. అమ్మ గ్లాసుని పట్టకారుతో పట్టుకుని బొగ్గుల కుంపటిలో పెట్టింది. వెండి నల్లబడుతుంటే అందరం చూశాం. నాన్న పరీక్ష పేపర్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, ఒక్క మాట అనలేదు. ఎఫువా నా వంక చూసింది. ఒక్క మాటతో నా అబద్ధం బయటపెట్టగలదు. పెట్టలేదు. అమ్మతోనే అంది, తన ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా. "మేడమ్, రోజూ దాన్ని కడిగేది నా చెయ్యే. చెయ్యి పనికొచ్చింది. నోరొక్కటే పనికిరాలేదా?" అమ్మ పట్టకారుతో గ్లాసుని నిప్పుల్లో ఇంకోవైపుకి తిప్పింది. ఎఫువా తన గుడ్డలు మూట కట్టుకుని, తలమీద పెట్టుకుని, అంత జ్వరంలో ఎర్రమట్టి రోడ్డు పట్టుకుని వెళ్లిపోయింది. మగ్గు మేకుకే ఉండిపోయింది. కొన్నాళ్లకి అదీ కనిపించలేదు. ఎవరు తీశారో అప్పుడు నాకు తెలీదు. నాన్న తీశారు. తీసి, కాకినాడ మోసి, అక్కణ్నించి సముద్రాలు దాటించి నా ఇంటి దాకా తెచ్చుకున్నారు. ఈ మాట వింటే కొందరి కళ్లు చెమర్చవచ్చు. నాకు మాత్రం కోపమొచ్చింది. పెట్టెలో దాచుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి నోరు విప్పాల్సింది.

ఇక గ్రేస్ దగ్గరికి వస్తాను. గ్రేస్‌ది కేప్ కోస్టే. నాన్నని రెస్ట్ హోమ్‌లో చేర్చిన మొదటి వారమే ఆ సంగతి తెలిసింది. పేర్లు మర్చిపోయిన నాన్న ఆ ఊరి వీధులు మాత్రం వరసగా చెప్పేవారట. ఆ శనివారం గ్రేస్ కాగితం కప్పుని ఒకసారి తిప్పి చూసింది, అమ్మ చేతిలోని స్టీలు గ్లాసు చూసింది, చిన్నగా నవ్వింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. అమ్మని మాత్రం మామా అనేది, వాళ్లలో పెద్దావిడల్ని అమ్మా అన్నట్టు పిలిచే పిలుపు. "మామా, మా అమ్మమ్మ మీలాంటి టీచర్ల ఇళ్లలో పనిచేసింది. ఆ ఇళ్లకి మా ఊరి ఆడవాళ్లు ఒక పేరు పెట్టారు, మీకు తెలుసా? మేకు ఇళ్లు." కప్పు తగిలించే మేకు, అని వేలితో గోడ మీద పొడిచి చూపించింది. "ముందు తెల్లవాళ్ల ఇళ్లకి పెట్టిన పేరు. మీరొచ్చాక మార్చాల్సిన పని పడలేదు."

అమ్మకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. మొహం ఎర్రబడింది. నాతో తెలుగులో, "మేకు మనం కొట్టామా ఏవిటి? మేకు ముందే ఉంది. ఆ దొరసాని కొట్టించింది. అది చెప్పు ఆవిడకి" అంది.

అంతే, నలభై ఏళ్లది నా నోట్లోంచి ఒక్కసారి దూకింది. "చెప్తానమ్మా, అంతా చెప్తాను. మేకు దొరసానిది. మగ్గెవరిది? ఈ కప్పుల కట్ట ఎవరిది? ఎనిమిది నెలలు నీ మొగుడికి నీళ్లు పట్టిన చేతికి నువ్వు ఇచ్చేది ఇదా?"

"ఆయనకి అప్పుడు తెలివి లేదే," అంది అమ్మ. తెలివి ఉంటే తాగేవారు కాదని ఆవిడ గర్వం! నేను లోపలికి వెళ్లి మగ్గు తెచ్చి టీపాయ్ మీద టక్కున పెట్టాను. గ్రేస్‌కి అన్నీ చెప్పాను. మేకు, ఎత్తు మీంచి పోసే నీళ్లు, కోటలో నాన్న కన్నీళ్లు, కుంపటిలో నల్లబడ్డ గ్లాసు, పనిమనిషి వెళ్లిపోతూ అడిగిన నోటి మాట. మా అమ్మానాన్నల్ని కడిగేశాను. చెబుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. న్యాయం మాట్లాడుతున్నప్పుడు గొంతు అంత బాగా పలుకుతుందని నాకు అంతకుముందు తెలీదు.

గ్రేస్ మగ్గుని రెండు చేతుల్లోకి తీసుకుంది. పెచ్చు ఊడిన చోట బొటనవేలితో రాసింది. "ఆవిడ పేరేమిటి?" అంది. ఎఫువా అన్నాను. "నోటి సంగతి అడిగి వెళ్లిపోయిందన్నావు. మరి మగ్గు ఉండగా గ్లాసులో తాగాల్సిన అవసరం ఏమొచ్చింది ఆవిడకి?"

నేను చెప్పాల్సింది రెండే మాటలు. నేను ఇచ్చానని ఒక్క మాట. నేను ఇచ్చి, తీసుకెళ్లిందని చెప్పానని ఇంకొక్క మాట. హీటరు తగ్గించే నెపంతో లేచాను. అమ్మ నా బదులు తెలుగులో అందుకుంది. "చెప్పవే, ఆగావేం? నాన్నగారి వెండి గ్లాసు ఎత్తుకెళ్లింది. నువ్వే కదా కళ్లారా చూసి చెప్పావు. ఇందాకటి నుంచి నన్ను ఇన్ని మాటలన్నావు, నేనేమన్నా లేనిది కల్పించానా?"

ఆవిడ గొంతులో కపటం లేదు. నలభై ఏళ్లుగా మా అమ్మ నా మాట నమ్ముతోంది.

"మామా ఏమంటున్నారు?" అంది గ్రేస్.

"ఇంకొంచెం టీ కావాలా అని అడుగుతోంది," అన్నాను.

గ్రేస్ ఖాళీ కాగితం కప్పులోకి చూసింది. చాలంది. వెళ్లేటప్పుడు అమ్మ పాదాల దగ్గర వంగి స్వెట్టరు మడత సరిచేసి ఒళ్లో పెట్టింది. నన్ను కావలించుకుని, నిజం చెప్పినందుకు థాంక్స్ అంది. గుమ్మం దాటాక తలుపు వేసి వచ్చేసరికి అమ్మ మగ్గుని చీర చెంగుతో తుడుస్తోంది, మెల్లగా. "పోనీలే, దొంగతనం మాట దాచి మంచిపని చేశావు. ఎక్కడుందో పాపం. అంత జ్వరంలో పంపేశాను," అంది. నేను లాండ్రీలోకి వెళ్లి కాగితం కప్పుల కట్ట మొత్తం చెత్త డబ్బాలో కుక్కాను, చప్పుడు అమ్మకి వినిపించేలా. ఆ తరవాత మా ఇంటికి ఎవరొచ్చినా స్టీలు గ్లాసులే. అమ్మే పోసి ఇస్తోంది. ఎలక్ట్రీషియన్ మొన్న ఆ గ్లాసు పట్టుకుని వేళ్లు కాలి తెగ నవ్వాడు, అమ్మ కూడా నవ్వింది. మార్చుకోవడానికి ఆవిడకి ఒక మధ్యాహ్నం పట్టింది. నేనే ఎటూ కదల్లేదు.

నాలుగు రోజులుగా ఇది రాస్తున్నాను. తెలుగులో రాశాను. గ్రేస్‌కి తెలుగు రాదు. అమ్మకి శుక్లాలు ముదిరి అక్షరం ఆనడం లేదు. ఎఫువా ఉందో లేదో తెలియదు. చెప్పవలసిన మనుషులు ఎవరూ చదవలేని చోటు చూసుకుని మరీ నిజం రాశాను. కోట గురించి ఎంత కోపమైనా తెచ్చుకోవచ్చు, కోట పడిపోదు, మనకీ ఏమీ పోదు, నాన్నకి ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. గ్రేస్ పది నిమిషాల దూరంలో ఉంది. అమ్మ పక్క గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చూపు తగ్గింది కానీ, చెవులు బాగానే పనిచేస్తున్నాయి.